బండికి రెండో ట్యాంకు

విజయవాడ వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా? లారీల వెనక రాసిన సూక్తులు చదవడం కాసేపు ఆపి వాటి పొట్టల వైపు చూడండి. క్యాబిన్‌కీ వెనక చక్రాలకీ మధ్య, ఛాసీని అంటిపెట్టుకుని ఓ పీపా వేలాడుతుంటుంది. అదే డీజిల్ ట్యాంకు. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లన్నీ బారులు తీరినప్పుడు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే కొన్నింటికి అలాంటి పీపాలు రెండు కనిపిస్తాయి. కొన్ని మోడళ్లకు కంపెనీయే రెండు ఇస్తుంది. కానీ రెండోదాని రంగు వేరు, కొలత వేరు, బిగించిన పట్టీల తీరు వేరు అయితే మాత్రం అది ఏ ఆటోనగర్ షెడ్డులోనో పెట్టించుకున్నదే.

బస్సులో వెళ్లేవాళ్లకు అదో ఇనప డబ్బా. నల్లగొండ, పాలమూరు దారుల్లో లారీ, ట్రైలర్, బోరు బండి, వరికోత యంత్రం నడిపేవాళ్లకు మాత్రం అదో పెద్ద లెక్క. పెట్టిస్తే ఎంత మిగులుతుంది? ఎక్కడ పెట్టించాలి? బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏమంటాడు? మాటలన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంటాయి. నాలుగోదీ ఒకటుంది. దాన్ని అడిగేవాళ్లే తక్కువ. ఆ ట్యాంకుకు దెబ్బ తగిలితే ఏమవుతుంది?

దూరం కోసమైతే కాదు

అదనపు ట్యాంకు అనగానే అమెరికా, ఆస్ట్రేలియా గుర్తొస్తాయి. అక్కడ సెలవులకు బయల్దేరే కుటుంబాలు పికప్ ట్రక్కు వెనక పడవనో, చక్రాల ఇంటినో తగిలించుకుని వందల మైళ్లు పోతాయి. వెనక ఏదైనా లాగుతున్నప్పుడు బండి మైలేజీ అమాంతం పడిపోతుంది. బరువు ఒక కారణం. గాలికి ఎదురుగా నిలబడే ఆ పెట్టె ఆకారం రెండో కారణం. ఉత్త బండితో ఐదొందల కిలోమీటర్లు పోయే ట్యాంకు, వెనక ఇల్లు తగిలిస్తే మూడొందలకే నిండుకుంటుంది. ఆస్ట్రేలియా దక్షిణాన నల్లర్‌బోర్ మైదానం మీదుగా పోయే దారిలో ఒక బంకు దాటితే మరో బంకుకు వంద, నూట యాభై కిలోమీటర్లు పోవాల్సిన చోట్లున్నాయి. అలాంటి చోట ట్రక్కుకు ఇంకో ట్యాంకు పెట్టించుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? అక్కడ అదో పెద్ద వ్యాపారం.

మన దగ్గరో? హైదరాబాద్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద బంకు కనిపించని పది కిలోమీటర్లు వెతికి పట్టుకోవడం కష్టం. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగా కర్నూలు వైపు పోయే 44వ నంబరు రహదారీ అంతే. ఇక ట్యాంకు సంగతి చూద్దాం. పెద్ద లారీలకు కంపెనీ ఇచ్చేదే మూడొందల లీటర్లకు పైగా ఉంటుంది. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం కడుతున్న రోజుల్లో, నాగర్‌కర్నూల్ వైపు పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనుల కోసం, బరువైన యంత్రాలు మోసుకొచ్చిన ట్రైలర్లను ఈ జిల్లాల జనం చూసే ఉంటారు. ముందున్న ‘పుల్లర్’ బండి రొప్పుతూ లాగుతుంటే వెనక లెక్కపెట్టలేనన్ని చక్రాలు. మామూలు ట్రైలరే నిండు లోడుతో లీటరుకు రెండు, రెండున్నర కిలోమీటర్లకు మించి ఇవ్వదు. రెండే అనుకున్నా మూడున్నర వందల లీటర్లకు ఏడొందల కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు దూరం 620 కిలోమీటర్లు! అంటే రేవులో నింపుకుని బయల్దేరితే గమ్యం చేరాక కూడా ట్యాంకులో అడుగున కొంత మిగులుతుందన్నమాట.

మరి ఇంకో ట్యాంకు ఎందుకు?

నది దాటితే రేటు మారుతుంది

డీజిల్ ధరలో పెద్ద వాటా పన్నులది. కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం దేశమంతా ఒకటే. రాష్ట్రాలు వేసే వ్యాట్ మాత్రం ఎవరిష్టం వాళ్లది. డీజిల్ ధరపై కేంద్రం నియంత్రణ ఎత్తేసింది 2014 అక్టోబరులో. బంకుల్లో రోజూ రేటు మార్చే పద్ధతి 2017 జూన్ 16న మొదలైంది. సరిహద్దుకు అటూ ఇటూ తేడా మాత్రం అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. తెలంగాణలో డీజిల్‌పై వ్యాట్ 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో శాతానికి తోడు లీటరుకు నాలుగు రూపాయల చొప్పున అదనపు పన్ను 2015 ఫిబ్రవరిలో వచ్చి చేరింది. కర్ణాటకలో 2024 జూన్ దాకా పద్నాలుగు శాతం చిల్లర మాత్రమే.

ఇప్పుడు పటం ముందేసుకోండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు పడమట కర్ణాటక. మక్తల్ దాటి కృష్ణ మీద వంతెన దాటితే శక్తినగర్, ఆ తర్వాత రాయచూరు. నల్లగొండకు తూర్పున, కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అంటే ఈ రెండు జిల్లాల లారీ యజమాని ఒక పక్క చవక డీజిల్‌కీ మరోపక్క ఖరీదైన డీజిల్‌కీ మధ్య కాపురం ఉన్నట్టే. 2024 వేసవిలో హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 95 రూపాయల చిల్లర. బెంగళూరులో 86 దగ్గర. దాదాపు పది రూపాయల తేడా! మూడొందల లీటర్ల అదనపు ట్యాంకు ఉన్నవాడు రాయచూరు వైపు వెళ్లిన ప్రతిసారీ మూడు వేల రూపాయలు మిగుల్చుకుంటాడు. నెలకు ఆరు ట్రిప్పులు వేస్తే పద్దెనిమిది వేలు. ట్యాంకుకూ పనికీ పెట్టిన ఖర్చు రెండు మూడు నెలల్లో చేతికొచ్చేస్తుంది. కిస్తీల మీద బండి నడిపేవాడికి ఇది చిన్న డబ్బు కాదు.

అందుకే రెండో ట్యాంకు పెట్టించిన లారీ యజమానిని అత్యాశాపరుడని తీసిపారేయడం తేలిక గానీ న్యాయం కాదు. కిరాయి రేటు అతని చేతిలో లేదు, టోలు లేదు, టైరు ధర లేదు. డీజిల్ ఎక్కడ కొట్టించాలన్న ఒక్క నిర్ణయమే అతని చేతిలో మిగిలింది.

బంకు రాని చోటికి

ఇంకో రకం బండ్లున్నాయి. వాటికి అదనపు డీజిల్ లాభం కోసం కాదు, పని ఆగకుండా ఉండటం కోసం.

ఈ జిల్లాల్లో రాత్రిపూట నేల అదిరేలా మోత వినిపించిందంటే ఎక్కడో బోరు పడుతోందని అర్థం. నల్లగొండ జిల్లా ముసంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని రెండు దశాబ్దాల కిందట పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. ఆ బోర్లు వేసే బండ్లలో చాలా వాటికి సొంతూరు తమిళనాడులోని నామక్కల్ జిల్లా తిరుచెంగోడు. అక్కడి నుంచి దేశమంతా తిరుగుతాయి. సాధారణంగా రెండు లారీలు జంటగా వస్తాయి. ఒకదాని మీద రిగ్గు. రెండోదాని మీద డ్రిల్లింగ్ రాడ్లు, సామాను, కుర్రాళ్ల వంటపాత్రలు, డీజిల్. రిగ్గుకు అసలైన ఆకలి చక్రాల దగ్గర కాదు, కంప్రెసర్ దగ్గర. నల్లరాయిని పిండి చేసి, ఆ పిండిని వందల అడుగుల లోతు నుంచి గాలితో పైకి ఊదాలంటే గంటకు పదుల లీటర్లు తాగుతుంది. అర్ధరాత్రి నాలుగొందల అడుగుల దగ్గర డీజిల్ అయిపోయి కంప్రెసర్ ఆగితే, రాతిపిండి కిందికి జారి లోపలున్న సుత్తిని పట్టేస్తుంది. సుత్తి, రాడ్లు బయటికి రాకపోతే ఆ బోరుతో పాటు లక్షలు పోయినట్టే. రైతు అప్పూ అంతే సంగతులు. కాబట్టి బోరు బండి వెంట ఇంకో ట్యాంకు ఉండటం విలాసం కాదు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరికోతల కాలంలో ఇంకో దృశ్యం. పంజాబ్ నుంచి టైర్ల హార్వెస్టర్లు వస్తాయి. రోడ్డు మీద పోయేటప్పుడు ముందున్న వెడల్పాటి కోత పళ్లెం ఊడదీసి, చిన్న బండి మీద పెట్టి, వెనక తగిలించి లాక్కుపోతాయి. చైను హార్వెస్టర్లయితే లారీ ఎక్కాల్సిందే. పొలంలో దిగాక గంటకు ఇంత అని కిరాయి. మబ్బు పట్టిందంటే ఊరంతా ఒకేసారి పిలుస్తుంది. మోటారు సైకిల్ మీద అటొక క్యాను ఇటొక క్యాను కట్టి గట్ల మీద డీజిల్ మోసే కుర్రాళ్లు ఆ నెలరోజులూ ఊరికి ముఖ్యులే. ఆ క్యాన్ల ప్రయాణంతో పోలిస్తే యంత్రాన్ని మోసే లారీకి పద్ధతిగా బిగించిన ట్యాంకు వెయ్యి రెట్లు నయం. చాలామంది ఇళ్లలో వంటగది పక్కనే ఆ క్యాన్లు ఉంటాయన్నది ఇంకో విషాదం.

షెడ్డులో జరిగేది

సరే, పెట్టించాలనే అనుకున్నాడు. ఏం జరుగుతుంది?

చూడ్డానికి పని సులువు. ఛాసీకి రెండు బ్రాకెట్లు, వాటి మీద ట్యాంకు, చుట్టూ రెండు పట్టీలు, పట్టీల కింద రబ్బరు. పాత ట్యాంకుకూ కొత్తదానికీ మధ్య ఒక గొట్టం. రెండింటిలో మట్టం సమానంగా ఉండేలా అడుగున కలిపేస్తే చాలా మంది ఫిట్టర్లకు పని అయిపోయినట్టే. కానీ తంటాలన్నీ ఆ అడుగు గొట్టంతోనే. బండి మొత్తంలో నేలకు అతి దగ్గరగా వేలాడేది అదే. పొలం బాటలో ఒక్క రాయి తగిలి అది తెగిందంటే రెండు ట్యాంకులూ కలిసి ఖాళీ అవుతాయి. అంతకంటే రెండో ట్యాంకును విడిగా ఉంచి, మధ్యలో చిన్న కరెంటు పంపు పెట్టి, కావాల్సినప్పుడు డ్రైవరు స్విచ్చి నొక్కి మొదటిదాంట్లోకి ఎక్కించుకునే పద్ధతి మేలు. ఇంజిన్ ఎప్పుడూ కంపెనీ ట్యాంకు నుంచే తాగుతుంది. ఖర్చు కాస్త ఎక్కువ. తలనొప్పి చాలా తక్కువ.

ఇంకో సూక్ష్మం ఉంది. డీజిల్ ఇంజిన్ ట్యాంకు నుంచి తీసుకున్నదంతా మండించదు. మిగిలినది వేడెక్కి వెనక్కి వస్తుంది. దాన్నే రిటర్న్ అంటారు. రెండో ట్యాంకు నుంచి తాగుతూ రిటర్న్‌ను మొదటి ట్యాంకులోకి వదిలితే, అప్పటికే నిండుగా ఉన్న మొదటిది పొంగి రోడ్డు పాలవుతుంది. వెనక వచ్చే మోటారు సైకిల్ వాడు ఆ జిడ్డు మీద జారిపడితే ఎవరి ఖాతా? తీసుకునే గొట్టం, తిరిగొచ్చే గొట్టం రెండూ ఒకేసారి మారేలా వాల్వు ఉండాలి.

గాలి గొట్టం సంగతి ఇంకా విచిత్రం. డీజిల్ తగ్గుతున్న కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. లేకపోతే ట్యాంకు లోపలికి నొక్కుకుంటుంది, ఇంజిన్‌కు ‘ఎయిర్ పట్టి’ బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అలాగని మూతకు మేకుతో చిల్లు కొడితే వానాకాలం నీళ్లు దూరతాయి. సగం ఖాళీగా ఉన్న పెద్ద ట్యాంకులో రాత్రి చల్లదనానికి గోడలకు చెమట పట్టి నీరు చేరడం ఉండనే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 ఇంజిన్లకు ఈ నీరు, తుప్పు రజను విషంతో సమానం. వాటి ఇంజెక్టర్ల రంధ్రాలు చాలా సన్నం. చవకగా వస్తుందని జింకు పూత రేకుతో చేసిన ట్యాంకూ పనికిరాదు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థమై ఫిల్టర్లకు అడ్డుపడుతుంది. ఇంటి మీద నీళ్ల ట్యాంకుకు మంచిదైంది డీజిల్‌కు మంచిది కావాలని లేదు!

లోపల అడ్డుపలకలు లేని ట్యాంకు మరో ఇబ్బంది. మూడొందల లీటర్ల డీజిల్ అంటే రెండున్నర క్వింటాళ్లు. ట్యాంకు, బ్రాకెట్లు కలిపితే మూడు. ఆరు సిమెంటు బస్తాలు లారీకి ఒకే పక్కన వేలాడుతున్నట్టు ఊహించుకోండి. అవి కదలని బస్తాలు కావు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు దూకే ద్రవం. పలకలు లేకపోతే ఆ దూకుడంతా అతుకుల మీద, పట్టీల మీద పడుతుంది. పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితిని కేంద్రం 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. ట్యాంకు బరువూ ఆ కాటాలోకే వస్తుంది. అంటే ఆ మూడు క్వింటాళ్ల సరుకు తగ్గాలి. తగ్గించేవాళ్లు ఎందరన్నది వేరే కథ.

షెడ్డులో జరిగే అసలు ప్రమాదం మాత్రం ఖాళీ ట్యాంకుతో. పాత ట్యాంకు కొని, చిల్లు పడిన చోట వెల్డింగ్ పెట్టడం మామూలే. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరం అంటే చాలామంది నమ్మరు. లోపల డీజిల్ లేకపోవచ్చు. ఆవిరి ఉంటుంది, దానికి సరిపడా గాలీ ఉంటుంది. వెల్డింగ్ వేడి తగిలితే ఆ పీపా బాంబులా పేలుతుంది. ముందు బాగా కడిగి, ఆవిరి పట్టించి, లేదా చాలావరకు నీళ్లు నింపి అప్పుడు పనిచేయాలి. ఇది తెలిసిన ముసలి మేస్త్రీలున్న షెడ్డుకూ, తెలియని షెడ్డుకూ మధ్య రేటు తేడా ఐదొందలో వెయ్యో ఉంటుంది.

డీజిల్ అంటుకోదంటారు...

‘పెట్రోలైతే భయం గానీ డీజిల్‌లో అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుంది’. లారీల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. చల్లటి చోట, గిన్నెలో కదలకుండా ఉన్న డీజిల్ వరకు నిజమే. భారతీయ ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో నల్లగొండలో నీడపట్టునే 44, 45 డిగ్రీలు! తారు రోడ్డు సెగ, ఇంజిన్ నుంచి తిరిగొచ్చే వేడి డీజిల్ కలిస్తే ట్యాంకు లోపల ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. ఇక ట్యాంకు పగిలి డీజిల్ తుంపరగా చిమ్మితే దానికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. రెండొందల డిగ్రీల పైచిలుకు వేడి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. బీఎస్-6 బండ్ల సైలెన్సరు డబ్బా తనలో పేరుకున్న మసిని తానే కాల్చుకునే సమయంలో ఐదొందల డిగ్రీలు దాటుతుంది. పైగా ఆ బండ్లకు యూరియా ద్రావణం పోసే ట్యాంకు ఒకటి అదనంగా వచ్చి చేరి ఛాసీ పక్కన చోటు తగ్గించేసింది. ఖాళీ ఉంది కదా అని రెండో డీజిల్ ట్యాంకును సైలెన్సరు పక్కన ఇరికించడం అంటే పొయ్యి పక్కన కిరోసిన్ డబ్బా పెట్టడమే.

పాలమూరు వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఓ ప్రైవేటు ఏసీ బస్సు, కొత్తకోట దగ్గరి పాలెం వద్ద కల్వర్టు గోడను తగిలింది. డీజిల్ ట్యాంకు పగిలింది. మంటలు నిమిషాల్లో బస్సంతా కమ్మేశాయి. నిద్రలో ఉన్న 45 మంది సజీవ దహనమయ్యారు. దీపావళికి ఇంటికి వస్తున్నవాళ్లూ వారిలో ఉన్నారు. ట్యాంకు ఉన్న చోటు గురించీ, అత్యవసర ద్వారాల గురించీ ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. 2025 అక్టోబరు 24న అదే రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మరో బస్సు తగలబడింది. అక్కడ బస్సు కిందికి వచ్చిన మోటారు సైకిల్‌తో మంట మొదలైంది. ఆ బస్సు ఆ రాత్రి హైదరాబాద్ నుంచి పాలెం మీదుగానే వెళ్లింది.

ట్యాంకు ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యమని అమెరికా కూడా ఖరీదైన పాఠమే నేర్చుకుంది. జనరల్ మోటార్స్ 1973 నుంచి 1987 దాకా తయారుచేసిన పికప్ ట్రక్కుల్లో డీజిల్, పెట్రోలు ట్యాంకులను ఛాసీ పట్టాలకు బయట, తలుపుల కింద పక్కవాటుగా పెట్టింది. అటొకటి ఇటొకటి రెండు ట్యాంకులు పట్టాలన్నది ఆ అమరికకు ఒక కారణం. ఎక్కువ దూరం పోవచ్చు, బరువులు లాగేవాళ్లకు అనుకూలం. కానీ పక్క నుంచి వేరే బండి గుద్దితే దెబ్బ నేరుగా ట్యాంకు మీదే. ఎన్నో ప్రాణాలు పోయాయి, కోర్టుల్లో కేసులు నడిచాయి. 1994 డిసెంబరులో ఆ కంపెనీ రహదారి భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చింది. మధ్యలో ఒక టీవీ చానల్ మంటలు బాగా కనిపించాలని ట్రక్కుకు నిప్పురవ్వలు పుట్టించే పరికరాలు కట్టి గుద్దించి, దొరికిపోయి, 1993లో తెర మీదే క్షమాపణ చెప్పుకుంది. మంచి వాదనను అతి చేసి ఎలా పాడుచేసుకోవచ్చో అది వేరే పాఠం.

మన లారీలకు ట్యాంకు ఛాసీ బయటే ఉంటుంది, నిజమే. అయితే కంపెనీ దాన్ని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, బాడీ అంచు దాటకుండా, పరీక్షించి పెడుతుంది. షెడ్డులో పెట్టించేది ఆ అంచు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. దాని ముందు పక్క రక్షణ కమ్మీ ఉండాలి. చక్రాల కింది రాళ్లు ఎగిరి తగిలే చోట ఉండకూడదు. బ్యాటరీ తీగలు దాని మీదుగా పోకూడదు. ట్యాంకు నుంచి గొట్టం మొదలయ్యే చోటే చేత్తో మూసే వాల్వు ఉండాలి. గొట్టం తెగినప్పుడు సైఫన్ పద్ధతిలో ట్యాంకంతా కారిపోకుండా ఆపేది అదొక్కటే. రాత్రి బండి ఆపి పడుకునే ముందు దాన్ని మూసే అలవాటున్న డ్రైవరుకు డీజిల్ దొంగల బెడదా కొంత తగ్గుతుంది.

ఆర్సీలో లేనిది

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ విధించే వీలు వచ్చింది. డీజిల్ నిల్వకు మరో చట్టం ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం బండిలో భాగంగా అమర్చిన ట్యాంకులోని ఇంధనానికి లైసెన్సు అడగదు. విడిగా ఉంచుకునే డీజిల్‌కు 2,500 లీటర్ల దాకా మినహాయింపు ఉంది గానీ, ఏ ఒక్క పీపా కూడా వెయ్యి లీటర్లు దాటకూడదు. బోరు బండ్ల యజమానులు గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఇవి.

అంటే, దారి ఒకటే. కొనేటప్పుడే పెద్ద ట్యాంకు గానీ రెండు ట్యాంకులు గానీ ఉన్న మోడల్ అడగడం. అప్పుడు అది పరీక్షలు దాటిన అమరిక, కాగితాల్లో ఉన్న అమరిక. ఇప్పటికే ఉన్న బండికైతే షెడ్డు కంటే ముందు కంపెనీ డీలరు దగ్గరికీ, రవాణా శాఖ కార్యాలయానికీ వెళ్లి, ఏది ఒప్పుకుంటారో కాగితం మీద తీసుకోవడం. ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు ట్యాంకు ఊడదీసి, వచ్చాక మళ్లీ బిగించే పద్ధతి కొందరికి తెలుసు. దాని వల్ల చలానా తప్పుతుందేమో. బండి తగలబడిన రోజు బీమా కంపెనీ సర్వేయరు వచ్చి, ఆర్సీలో లేని ఈ పీపా ఏమిటని అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. కిస్తీలు మాత్రం ఆగవు. బండి ఉన్నా లేకున్నా కట్టాల్సిందే.

బోరు, హార్వెస్టర్ల వాళ్లకు మరో దారి కూడా తెరుచుకుంది. ఇండియన్ ఆయిల్ 2018లో పుణెలో డీజిల్‌ను వాహనంలో గుమ్మం దగ్గరికే తెచ్చి పోసే పద్ధతి మొదలుపెట్టింది. మీటరుతో, అనుమతులతో వచ్చే ఆ బౌజర్లు ఆ తర్వాత ఇతర చోట్లకూ వచ్చాయి. కోతల కాలంలో నలుగురు యంత్రాల యజమానులు కలిసి పిలిపించుకుంటే క్యాన్ల గొడవ సగం తీరుతుంది.

ఇక రాయచూరు వైపు లెక్క. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం డీజిల్‌పై పన్నును 18 శాతం పైకి పెంచింది. హైదరాబాద్‌తో తేడా పది రూపాయల నుంచి ఏడుకు దిగింది. 2025 ఏప్రిల్ 1న మళ్లీ పెంచి 21 శాతం దాటించింది. తేడా ఐదు లోపే. మూడొందల లీటర్లకు మూడు వేలు మిగిలిన చోట ఇప్పుడు పద్నాలుగు వందలు. అందులోంచి మూడు క్వింటాళ్ల సరుకు కిరాయి తీసేయాలి. నది దాటి బంకు కోసం పక్కకు తిరిగితే ఆ పోను రాను డీజిల్ తీసేయాలి. ఆ తర్వాత మిగిలింది ట్యాంకు ఖరీదులోకి జమ.